మజ్జిగ్గడ్డి

"ఏముండాది అందులో! నిమ్మకాయ పిండి, నీళ్లు పోసి, ఇంత చక్కెర వేస్తే అయిపాయె."

మునేష్ ఈ మాట ఎన్ని వేసవుల నుంచి అంటున్నాడో నాగరత్నకు గుర్తు లేదు. అన్నప్పుడల్లా నవ్వి ఊరుకునేది. తెల్లవారుజామున ఫ్లాస్కు మూత బిగించి, తడిగుడ్డతో తుడిచి, టిఫిన్ డబ్బా పక్కన నిలబెట్టి, బూట్లు వెతికిచ్చి, ఐడీ కార్డు మెడలో వేసుకున్నాడో లేదో చూసి, ఐదుముప్పావుకల్లా ఆండర్సన్‌పేట సర్కిల్లో కంపెనీ బస్సు అందుకోవాల్సిన మనిషిని బయటికి తోలే హడావుడిలో వాదనకు తీరిక ఎక్కడిది? అతని దారిన అతను నరసాపురంలోని ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవాడు. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయేది, ఆమె గిన్నెలు తోముతుంటే చెవిలో తిరుగుతూ.

మాట అనడానికి ఎంతసేపు! పని మాత్రం ముందు రోజు సాయంత్రం నుంచే మొదలవుతుంది. పెరట్లో నీళ్లతొట్టి పక్కన గుబురుగా పెరిగిన మజ్జిగ్గడ్డి కోసుకురావాలి. మిగతా చోట్ల దాన్ని నిమ్మగడ్డి అంటారు. కోలారు వైపు కన్నడంలో అది మజ్జిగె హుల్లు, కాబట్టి అక్కడి తెలుగు నోళ్లలో మజ్జిగ్గడ్డి అయింది. వెన్న కాచేటప్పుడో, మజ్జిగ తాగేటప్పుడో వాసన కోసం రెండు పరకలు వేస్తారని ఆ పేరు వచ్చింది తప్ప మజ్జిగకూ దానికీ ఇంకే చుట్టరికమూ లేదు. ఆ పరకల్ని కడిగి, ముడివేసి, దంచిన అల్లంతో పాటు మరిగిన నీళ్లలో పడేసి, వెంటనే పొయ్యి ఆర్పి మూత పెట్టాలి. గడ్డిని నీళ్లతో పాటు మరిగించారా, అది కషాయం, జ్వరం వచ్చినవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదు. తెల్లవారి నాలుగింటికి లేచి ఆ నీళ్లు వడకట్టి, బెల్లం కలిపి, రాత్రి నానేసిన సబ్జా గింజలు వేసి, దొడ్డపత్రె ఆకు ఒక్కటంటే ఒక్కటి నలిపి వేయాలి. వాము వాసన వేసే ఆ మందపాటి ఆకు రెండేస్తే దగ్గుమందు. ఆపైన చిటికెడు ఉప్పు. అన్నిటికంటే చివర నిమ్మకాయ. వేడి మీద పిండితే చేదు, బలంగా పిండితే చేదు, రాత్రే పిండి పెట్టుకుందామంటే పొద్దుటికి అదీ చేదు. అందుకే నాలుగింటికి లేవడం.

ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. మారికుప్పంలో వాళ్ల అవ్వ గురువమ్మ, బంగారు గనిలో షిఫ్టు దిగి పైకి వచ్చిన తాతకు ఉప్పు వేసిన గడ్డినీళ్లు ఇచ్చేది. అది ఉత్త గడ్డినీళ్లే. అందులోకి నిమ్మకాయ ఎప్పుడు రావాలి, బెల్లం ఎంత ఉండాలి, ఆ దొడ్డపత్రె ఆకు ఒకటి చాలునా రెండు కావాలా అని నాలుగు వేసవులు పట్టి తేల్చింది నాగరత్న. పోయినవి మొక్కలకు పోసింది. కుదిరిన రోజు పొయ్యి ముందు నిలబడి ఒక్కతే గ్లాసంతా తాగి, ఎవరైనా చూస్తారేమో అన్నంత సిగ్గుతో నవ్వుకుంది. ఆ ఇంట్లో పుట్టింటి బిందె ఉంది, అత్తగారి రోలు ఉంది, మొగుడి టీవీ ఉంది. తనది అని ఆమె అనుకున్నది ఈ ఒక్క షర్బత్తే.

బయట ఉద్యోగం లేదని కాదు. పదకొండేళ్లుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో ల్యాబ్ అటెండరు. సొల్యూషన్లు కలిపేది ఆమె, గాజు సామాను కడిగేది ఆమె, సీసాల మీద చీటీలు రాసేది ఆమె. ప్రయోగం కుదిరితే సైన్సు మాస్టరు చౌడప్ప సార్‌కి చప్పట్లు, బీకరు పగిలితే "ఏం నాగరత్నా, ఇట్లయితే ఎట్ల?" పోయిన ఏడు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ల్యాబు చూసి ముచ్చటపడితే, చౌడప్ప సార్ "అంతా మన టీమ్ వర్కు సార్" అన్నాడు. ఆ టీములో మిగతా మనిషి తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు వేసవి సెలవులు. సెలవులంటే అందరికీ తెలిసిందే, "ఇంట్లో ఊరికే ఉండావు గదా" అనే మాటతో మొదలై దుప్పట్లు, పచ్చళ్లు, అటకలతో ముగిసేవి.

ఆ బుధవారం ఆ ఊరికే ఉండటంలో భాగంగా మిద్దె మీద సండిగెలు పెడుతోంది. అంటే ఒడియాలే, పేరు మాత్రం కన్నడ పేరు. అత్త మునివెంకటమ్మ గొడుగు కింద కూర్చుని కాకుల్ని అదిలిస్తోంది. చేతులు పిండిలో ఉండగా ఫోను మోగింది. నాగరత్న మోచేత్తో నొక్కి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"హలో, మునేష్ సార్ వాళ్ల మిసెస్సా? నేను కంపెనీ హెచ్ఆర్ నించి ఉమాదేవి అమ్మా. సార్ అసెంబ్లీ లైన్ మీద ఉంటే ఫోను ఎత్తరు గదా, మీ నంబరు చూసి చేసినాను. గాబరా పడొద్దండి, ఖుషీ విషయమే."

నాగరత్న గాబరా పడే పడింది. కంపెనీ నుంచి ఫోను అంటే ఏ మెషీనులో ఏ వేలు పడిందోనని భయం. ఉమాదేవి గొంతులో నవ్వు విన్నాక ఊపిరి వదిలింది.

"ఆదివారం మన ఫ్యామిలీ డే ఉండాది. మగవాళ్ల వంట అని ఒక పోటీ పెట్టినాము. స్టేజి మీద, అందరి ముందరే చేయాల. ఎవర్ని పిలుద్దామంటే డిపార్టుమెంటంతా ఒకే పేరు చెప్పింది. మునేష్ సార్ నిమ్మకాయ షర్బత్! మూడేండ్ల నించి మేమంతా ఆ ఫ్లాస్కు మీదే గదా బతికేది. మీరెంత పుణ్యం చేసుకున్నారమ్మా! మా ఇంట్లో ఆయన తాగిన గ్లాసు సింకులో కూడా వేయడు. సార్ జూడండి, దినమూ నాలుగింటికి లేసి, మిమ్మల్ని లేపకుండా, సద్దు చేయకుండా షర్బత్ చేసుకోని, మీకొక గ్లాసు మూతపెట్టి వస్తారంట గదా?"

"అవునమ్మా" అంది నాగరత్న.

ఆ 'అవును' ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. పదహారేళ్ల అలవాటు. "మునేష్ ఇంట్లో ఉన్నాడా" అంటే, లోపల ఉన్నా లేడని చెప్పిన నోరు అది. "మీ ఆయనకు మా పెళ్లి గుర్తుందా" అంటే, "గుర్తు లేకుండా ఉంటాదా, ఒంట్లో బాగలేక రాలేదు" అని సర్దిన నోరు. ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే మొగుడికి గొడుగు పట్టేసింది. ఫోను పెట్టేశాక పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. ముందు కోపం రావాలి కదా, నవ్వు వచ్చింది. నాలుగింటికి చప్పుడు చేయకుండా లేచి, నిద్రపోతున్న పెళ్లాన్ని లేపకుండా, ఆమెకో గ్లాసు మూతపెట్టి వెళ్లే మనిషి! ఎవరో గానీ చాలా మంచివాడు. అలాంటివాణ్ణి ఒకసారి చూడాలని ఆమెకూ అనిపించింది.

తర్వాత కోపం వచ్చింది, బాగానే వచ్చింది. షర్బత్ తనదని చెప్పుకున్నాడు, సరే, సొమ్మొకరిది సోకొకరిది అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ తన నాలుగు గంటలు కూడా తీసుకున్నాడే! చలికాలం దుప్పటి వదల్లేక, ఎండాకాలం చెమటతో, నెలసరి పోటులో నడుం పట్టుకుని, జ్వరంలో గోడ పట్టుకుని తను లేచిన తెల్లవారుజాములన్నీ తీసుకుపోయి అక్కడ తన పేరు మీద పంచిపెట్టాడు. పైగా ఆ మూత పెట్టిన గ్లాసొకటి. ఎవరూ ఎప్పుడూ పెట్టని గ్లాసు.

"ఎవురు మే?" అంది అత్త.

చెప్పింది.

మునివెంకటమ్మ కాకుల మీదికి కర్ర విసిరి, తాపీగా అంది. "మొగోళ్లు బయట నాలుగు మాటలు చెప్పుకుంటారు. మీ మామ గనిలో మూడువేల అడుగులు దిగి పదివేలని చెప్పుకుంటా ఉండె. నేను అడ్డం చెప్పినానా?"

"ఆయప్ప దిగినాడు గదత్తా! ఈయప్ప నా అడుగులు కూడా తానే దిగినాడంట" అంది నాగరత్న.

అత్త ఒడియం ఒకటి నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువ" అంది.

సాయంత్రం మునేష్ ఇంటికి వచ్చీ రాగానే ముఖం చూసి విషయం తెలిసిపోయిందని గ్రహించాడు. ముందు బుకాయించాడు, తర్వాత నవ్వాడు, తర్వాత మంచం మీద కూలబడి నిజం చెప్పాడు. మొదటి ఏడు మేనేజరు ఒక గ్లాసు తాగి ఎవరు చేశారని అడిగాడట. ఏ కళనున్నాడో "నేనే సార్" అన్నాడట. "వెరీ గుడ్, మోడరన్ హస్బెండ్!" అని భుజం తట్టాడట ఆయన. "ఆ పొద్దంతా ఎంత బాగుండెనో తెలుసునా? ఎవరూ నన్ను అట్ల ఎప్పుడూ మెచ్చుకోలేదు మే. ఇంగ దినమూ ఏదో ఒకటి అడుగుతారు, నేనేదో ఒకటి చెప్తాను."

మెచ్చుకుంటే బాగుంటుందన్న సంగతి ఆమెకు అర్థం కాకపోలేదు. అందుకే ఒంటి మీద చల్లనీళ్లు పోసినట్టయి, అరవాలనుకున్న మాటలు మింగింది.

"ఆదివారం స్టేజి ఎక్కి, ఇది నా పెండ్లాం చేస్తాది అని నీ నోటితో చెప్పు. నాకింకేమీ వద్దు."

"అందరి ముందరా? నా మర్యాద ఏం కావాల? ఈ ఒక్క తూరి గడిచిపోనీ. పేరు నాకొస్తే ఏమి, నీకొస్తే ఏమి? ఇద్దరం వేరే వేరేనా?"

"వేరే కాకపోతే రేపు తలనొప్పి నాకొస్తే మాత్ర నువ్వేసుకో."

మునేష్ నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని ఆగిపోయాడు. ఇంట్లోనే చేసి క్యానులో పోసిస్తే అక్కడ గరిటె తిప్పుతానన్నాడు. అందరి ముందూ చేయాలని ఉమాదేవి చెప్పిందిగా, కుదరదంది. "అయితే నేర్పించు" అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చింది. నాలుగు రోజులుంది, నాలుగు తెల్లవారుజాములు పక్కన నిలబడితే చేతికి వస్తుంది. చేతికి వస్తే, అది ఎంత పనో తెలుస్తుంది. తెలిస్తే నోటికి కూడా వస్తుందేమోనని చిన్న ఆశ.

"రా పెరట్లోకి. ముందు గడ్డి యాడుండాదో చూపిస్తా" అనేలోపే అతను టీవీ పెట్టాడు. బెంగళూరు బ్యాటింగు.

"చూపించేదేముండాది? నువ్వు చెప్తా ఉండు, నేను ఫోన్లో రాసుకుంటా."

ఆమె వంటింట్లో రాగిముద్ద గెలుకుతూ చెప్పింది. అతను హాల్లో ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టి రాసుకున్నాడు. నిమ్మకాయలు అంది, రాసుకున్నాడు. బెల్లం అంది, రాసుకున్నాడు. "మజ్జిగ్గడ్డి ఒక గుప్పెడు" అంది. సరిగ్గా అప్పుడే ఎవడో సిక్సు కొట్టాడు, వీధి వీధంతా అరిచింది. "ఆఁ, రాసుకునేసినా, ఇంగ?" అన్నాడు. ఒకసారి ఇంట్లో చేసి చూడమని శుక్రవారం అడిగింది, శనివారం అడిగింది. "స్టేజి మీదే చేస్తాలే. ఏముండాది" అన్నాడు. ఇక ఆమె అడగలేదు. ఫోన్లోని ఆ సరుకుల పట్టీ తను ఒకసారి చూసి దిద్దాలని చెయ్యి లాగింది కూడా. పదకొండేళ్లుగా పిల్లల రికార్డు పుస్తకాలు దిద్దిన చెయ్యి అది. కానీ ఈసారి చేతిని కొంగులో చుట్టుకుని ఊరుకుంది.

ఆదివారం కంపెనీ బస్సే ఇంటింటివాళ్లనూ ఎక్కించుకుంది. వేమగల్ వైపు నుంచి ఇంకో బస్సు, కోలారు నుంచి రెండు వచ్చాయి. షామియానా కింద కుర్చీలు, పిల్లలకు బెలూన్లు, ఎండ మాత్రం ఎవరి మొహమాటమూ లేకుండా కాస్తోంది. మునివెంకటమ్మ పెళ్లిళ్లకు దాచే పట్టుచీర కట్టుకుని ముందు వరసలో చోటు పట్టింది. పదకొండు గంటలకల్లా అరడజను మంది వచ్చి నాగరత్న అదృష్టాన్ని పొగిడిపోయారు. "అట్లాంటి మొగుణ్ణి పొందాలంటే పూజలు చేసుండాల" అంది ఒకావిడ. "ఏ దేవుడికి చేసినారు?" అంది ఇంకొకావిడ, నిజంగానే తెలుసుకోవాలని. నాగరత్న నవ్వుతూ తల ఊపింది. ఊపిన ప్రతిసారీ లోపల ఏదో అరిగిపోతున్నట్టు అనిపించింది.

స్టేజి మీద ముగ్గురు మగవాళ్లు, ముగ్గురికీ నడుముకు ఏప్రాన్లు. మొదట పెయింటు సెక్షను ఆంజినప్ప ఉప్పిట్టు చేశాడు. అతను రవ్వ వేయించే తీరు చూసి ఆడవాళ్లంతా కుర్చీల్లో ముందుకు జరిగారు. ఎవరి వంకా చూడలేదు, దేనికీ తడుముకోలేదు, చేసి, పొయ్యి చుట్టూ తుడిచి మరీ కిందికి దిగాడు. భార్య గార్మెంట్సులో పగలు షిఫ్టట, రోజూ పొద్దున ఇతనే చేస్తాడట. దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు కాబట్టి అతనికి పెద్ద పేరేమీ లేదు. రెండో ఆయన ఆమ్లెట్టు వేశాడు, సగం పెనానికి అంటుకుంది. మూడో ఆయన మునేష్.

"ఇప్పుడు మన కంపెనీ స్టార్, షర్బత్ మునేష్ సార్!" అంది ఉమాదేవి మైకులో. ఈలలు. మునేష్ అందరికీ దండం పెట్టి, ఫోను తెరిచి పట్టీ ముందు పెట్టుకున్నాడు. నీళ్లు మరిగించాడు, అల్లం వేశాడు, బెల్లం వేశాడు. ఆ పొగలు కక్కుతున్న నీళ్లలోనే ఇరవై నిమ్మకాయలు పిప్పి అయ్యేదాకా పిండాడు. ముందు వరసలో నాగరత్న పళ్లు గట్టిగా బిగించింది. సరే, చేదవుతుంది, చేదు షర్బత్ తాగి ఎవరూ చావరు అనుకుంది. అప్పుడతను టేబులు కింద నుంచి రెండు లీటర్ల మజ్జిగ తీశాడు.

"ఇదేంది సార్?" అంది ఉమాదేవి.

"సీక్రెట్ మేడమ్" అన్నాడు మునేష్, కన్ను కొట్టి.

"అవునవును, సార్ పట్టీ పంపినప్పుడు నేనూ ఆశ్చర్యపోయినాను. గట్టి మజ్జిగ, రెండు లీటర్లు! మా క్యాంటీన్ చౌడమ్మ పొద్దున్నే చిలికింది."

నాగరత్నకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. షర్బత్‌లో మజ్జిగ ఏమిటి, గట్టిది ఏమిటి, ఎవరు చెప్పారు? తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. సిక్సు, వీధి అరుపు, 'మజ్జిగ్గడ్డి'. గడ్డి కాస్తా గట్టి అయింది, గట్టి మజ్జిగ అయింది! నీళ్లతొట్టి పక్కన రోజూ స్నానానికి వెళ్తూ తొక్కే గుబురు పేరు అతనికి తెలియదు. మూడేళ్లు తాగాడు, ఆ నీళ్లు తేటగా ఉంటాయన్న సంగతి కూడా చూడలేదు. ఫ్లాస్కులోంచి స్టీలు గ్లాసులోకి, గ్లాసులోంచి గొంతులోకి, గొంతులోంచి గొప్పల్లోకి.

మునివెంకటమ్మ కోడలి తొడ మీద గిల్లింది. "అయ్యో, మజ్జిగ పోస్తా ఉండాడే! పోవే, పోయి చెప్పు. పరువు పోతాది!"

నాగరత్న కాళ్లు లేవబోయాయి. నిజంగానే లేవబోయాయి, కుర్చీలోంచి అరంగుళం పైకి లేచింది కూడా. పదహారేళ్లుగా ఆ కాళ్లకు వేరే పని ఏముంది? కండువా మర్చిపోతే వీధి చివరిదాకా పరిగెత్తింది అవే. మాట మర్చిపోతే వెనక నుంచి అందించింది ఆమే. అతని చెల్లెలి పుట్టినరోజు, అతని తల్లి మాత్రలు, అతని పాన్ కార్డు నంబరు, అతనికి పడని కూర, అన్నీ ఆమె తలలోనే ఉంటాయి కాబట్టి అతని తల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కి చెవిలో ఒక్క మాట చెబితే చాలు, మజ్జిగ పక్కకు పోతుంది, షర్బత్ నిలబడుతుంది, చప్పట్లు మోగుతాయి, స్టేజి కింద కూర్చున్న తనకి ఇంకో ముగ్గురు వచ్చి ఎంత అదృష్టమో చెబుతారు. ఆమె కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని మళ్లీ కూర్చుంది. బరువులు ఎత్తడం ఆమెకు అలవాటే, ఊరికే కూర్చోవడం ఇంత బరువని తెలియదు.

"పోవా?" అంది అత్త.

"పోనత్తా."

మునేష్ మజ్జిగ గుమ్మరించాడు. వేడినీళ్లూ నిమ్మరసమూ కలిసి ఆ చౌడమ్మ పొద్దున్నే చిలికిన మజ్జిగను ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టాయి. తెల్లటి తరకలు పైకి తేలి, కింద పచ్చటి నీళ్లు మిగిలాయి. గరిటె తిప్పేకొద్దీ ఇంకా విరిగింది. ఉమాదేవి పాపం, మర్యాదస్తురాలు, ఒక గుక్క తాగింది. తాగి, మింగాలా వద్దా అని ఆలోచిస్తూ అలాగే బుగ్గల్లో పెట్టుకుని ఉండిపోయింది. షామియానా అంతా గొల్లుమంది.

మునేష్ గిన్నెలోకి చూశాడు, ఫోనులోకి చూశాడు, ఆఖరుకు జనంలోకి చూశాడు. ఎవరికోసం చూస్తున్నాడో వేరే చెప్పాలా? ఆమె కనబడగానే, మైకు నోటి దగ్గరే ఉందన్న ధ్యాస లేకుండా అలవాటుగా పిలిచాడు.

"మే! ఈ గట్టి మజ్జిగ ఎప్పుడు పోయమన్నావు?"

స్పీకర్లు రెండూ ఆ మాటను నరసాపురం అంతటికీ వినిపించాయి. నాగరత్న కూర్చున్న చోటు నుంచే, ల్యాబులో పిల్లలకు చెప్పే గొంతుతో జవాబిచ్చింది.

"మజ్జిగ గట్టిది కాదప్పా. మజ్జిగ్గడ్డి. గడ్డి! మన తొట్టి కాడ ఉండేది!"

ముందు ఆడవాళ్లకు అర్థమైంది. "అయ్యో శివనే, మజ్జిగె హుల్లు!" అని ఒకావిడ చెంపలు వేసుకుంది. ఆ నవ్వు వెనక వరసలకు పాకి, మగవాళ్ల దాకా వెళ్లడానికి కొంచెం సమయం పట్టింది. మునివెంకటమ్మ పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుకు పరువు సంగతి మరిచిపోయి, అందరికంటే పెద్దగా నవ్వింది. ఉమాదేవి ఎలాగో మింగేసి మైకు తీసుకుంది.

"అయితే సార్, మూడేండ్లు మేము తాగిన షర్బత్ ఎవరు చేసినారు?"

మునేష్ పెళ్లాం వంక చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. బుధవారం ఫోనులో ఊడిపడిన 'అవును' మళ్లీ గొంతు దాకా వచ్చింది. ఏదో ఒకటి చెప్పి నవ్వించి గట్టెక్కించడం ఆమెకు చిటికెలో పని. పెదాలు బిగించి, కళ్లు దించకుండా అతన్నే చూస్తూ ఉండిపోయింది.  వెనక పిల్లలు బెలూన్లు పగలగొట్టుకుంటున్నారు.

"ఆయమ్మే" అన్నాడు మునేష్.

"ఆయమ్మ అంటే?"

"మా ఇంటామె."

"పేరుండాది గదా సార్?"

మునేష్ చేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు. "నాగరత్న" అన్నాడు. ఒకసారి అన్నాక రెండోసారి కాస్త సులువైనట్టుంది. "షర్బత్ నాగరత్న చేస్తాది. మొదట్నించీ ఆమే. నాలుగింటికి లేచేదీ ఆమే మేడమ్. నేను ఐదుకి లేస్తా, అదీ ఆమె లేపితే."

పెళ్లయ్యాక ఆమెను అతను పేరు పెట్టి పిలిచింది లేదు. మే, ఏమ్మే, ఇదో, అంతే. ఇప్పుడు తన పేరు రెండు స్పీకర్లలోంచి వచ్చి రెండు చెవుల్లో పడుతుంటే నాగరత్నకు సంతోషం వేసింది. ఇంత చిన్నదానికి ఇంత సంతోషమా అని సిగ్గుపడబోయి, చిన్నది ఎందుకవుతుంది అని మానేసింది. చప్పట్లు కొట్టడం ముందు ఆంజినప్ప మొదలుపెట్టాడు, తర్వాత అందరూ అందుకున్నారు. ఆమె ఈసారి తల ఊపలేదు, లేచి నిలబడి దండం పెట్టింది.

ఉమాదేవి మెట్లు దిగి వచ్చి మైకు ఆమె ముందు పెట్టింది. నోట్లో చేదు ఇంకా పోనట్టుంది, కళ్లలో మాత్రం అల్లరి. "ఇంగ ఒక్క ప్రశ్న అమ్మా. మోడరన్ హస్బెండ్ అని మేము ఇన్ని దినాలూ ఎత్తుకోని ఊరేగితిమి. నిజం చెప్పండి, సార్ ఇంట్లో ఏమీ చేయరా?"

జనమంతా తీర్పు కోసం ఆమె వైపు తిరిగారు. స్టేజి మీద మునేష్, ఏప్రాన్ మీద మజ్జిగ మరకలతో, గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం చూస్తే జాలి వేసింది. జాలి వేయకుండా ఎలా ఉంటుంది, పదహారేళ్ల కాపురం. అత్త పక్కనుంచి కొంగు లాగి, "ఏదో ఒకటి మంచిగా చెప్పవే తల్లీ" అని గొణిగింది.

"చేస్తారు మేడమ్" అంది నాగరత్న.

మునేష్ భుజాలు దిగాయి. గండం గడిచినవాడిలా, ఎంత మంచిదో చూడండి అన్నట్టు జనం వైపు తిరిగి నవ్వాడు. అత్త ఊపిరి పీల్చుకుంది. నాగరత్న మైకును ఉమాదేవి చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది.

"రేపట్నించి. నాలుగింటికి ఆయన లేస్తారు, నేను పొద్దెక్కిందాకా పండుకుంటా."